మాట కాదు

మార్చి 4, మంగళవారం

విచారణ ముగిసేదాకా దీని గురించి ఎవరితోనూ మాట్లాడనని సంతకం పెట్టించుకున్నారు. కాగితంతో మాట్లాడకూడదని మాత్రం అందులో లేదు. వెతికి మరీ చూశాను.

జరిగింది జరిగినట్టు ఒక్కసారి రాసి మూసేస్తాను.

ఆదివారం మధ్యాహ్నం. మేఘం బాగా కిందికి దిగి ఉంది. ఎడమ సీట్లో నేను, కెప్టెన్ని. విమానాన్ని ఆటోపైలట్ నడుపుతోంది, ఆటోపైలట్‌ని నేను నడుపుతున్నాను. కుడి సీట్లో కో-పైలట్, కొత్తమ్మాయి. చేరి ఇంకా ఏడాది కాలేదు, ఉద్యోగం ఖాయం కాలేదు. పేరేదో ఉంది. నాకు కుడివైపు ఎవరు కూర్చున్నా కుడి సీటే. ఇన్నేళ్ళలో ఎంతమంది కూర్చుని లేచారో, అందరి పేర్లూ ఎవడు గుర్తుపెట్టుకుంటాడు? ఈ అమ్మాయికి ఆ రోజు జలుబు. ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. ఏం చెప్పినా చివర ఒక "అండీ" తగిలిస్తుంది.

నేను నడుపుతున్నప్పుడు కుడి సీటు పని ఎత్తు చూడడం. తేడా వస్తే "ఆల్టిట్యూడ్" అని పైకి అనాలి. ఆ ఒక్క మాట చాలు. దానికి నేను "సరిచేస్తున్నా" అనాలి. చంటిపిల్లలకి నేర్పినా నేర్చుకుంటారు.

మూడువేల అడుగుల దగ్గర ఆగమని ఆటోపైలట్‌కి చెప్పి ఉంచాను. అది ఆగడానికి సర్దుకుంటూ ఉండగా, నేను ముందుచూపు కొద్దీ తర్వాతి అంకె పెట్టేశాను. ఒకవేళ దిగడం కుదరకపోతే మళ్ళీ ఎంత పైకి పోవాలో ఆ అంకె. ఇంకాసేపు ఆగి పెట్టాల్సింది. పాత అంకె తీసేసరికి యంత్రానికి ఆగాల్సిన చోటే లేకుండా పోయింది. ఎలా దిగుతోందో అలాగే దిగుతూ పోయింది.

ఇది నా పొరపాటు, దాచడం లేదు. ఎవరికైనా జరుగుతుంది. జరుగుతుందనే కదా పక్కన ఇంకో మనిషిని కూర్చోబెట్టేది. ఆ మనిషి నోరు విప్పలేదు.

ఆఖరికి నేల దగ్గరపడిందని యంత్రమే అరిచింది. నేను ఆటోపైలట్ తీసేసి విమానం ముక్కు పైకెత్తాను. సరిగ్గా అప్పుడు మేఘం చిరిగింది. కొండవాలు మీద ఒక మిద్దె, దాని మీద దండెం, దండెం మీంచి దుప్పటి లాగుతున్న ఒక ఆవిడ. వాన వస్తుందని బట్టలు తీస్తున్నట్టుంది. తలెత్తి చూసింది. ఆవిడ మొహం కనపడేంత కింద ఉన్నాం.

రెండోసారి మామూలుగానే దిగాం. ముక్కెత్తిన కుదుపుకి వెనక క్యాబిన్‌లో పనిచేసే అమ్మాయికి మణికట్టు విరిగింది. మిగతా అందరూ సంచులు సర్దుకుని ఇళ్ళకి పోయారు.

కుడి సీట్లో ఆమె ఏమీ అనలేదు. విచారణకి అదే రాసిచ్చాను. ఇక మూసేస్తున్నాను.

మార్చి 5, బుధవారం

ఆమె ఏమీ అనలేదు.

మార్చి 7, శుక్రవారం

ఇంట్లో కూర్చోబెట్టారు. జీతం ఇస్తారట, పని ఇవ్వరట. మా ఆవిడ మొదటిరోజు సంతోషించింది, రెండోరోజు ఓర్చుకుంది, ఇవాళ "కాస్త అలా బయట తిరిగి రండి, మీ వెనకాలే ఊడవడం నావల్ల కావడం లేదు" అంది.

లిఫ్టులో దిగుతుంటే అంకెలు తగ్గుతున్నాయి. మాది తొమ్మిదో అంతస్తు. తొమ్మిది, ఎనిమిది, ఏడు. నాలుగు దగ్గర ఆగాలి అనిపించింది. ఎందుకో తెలీదు. ఆగలేదు. గోడ పట్టుకున్నాను. పక్కన నిలబడ్డ ముసలాయన "ఏమైంది బాబూ, చెమటలు పట్టాయే" అన్నాడు. ఉక్క అన్నాను. ఆయన స్వెటర్ వేసుకుని ఉన్నాడు.

వచ్చేటప్పుడు మెట్లెక్కి వచ్చాను.

మార్చి 10, సోమవారం

ఆ అమ్మాయి రెండుసార్లు "ఆల్టిట్యూడ్" అన్నానని రాసిచ్చిందట! ఒకసారి కాదు, రెండుసార్లు!

ఇవాళ డాక్టరు పరీక్షకి పిలిస్తే వెళ్ళాను. పరీక్ష అయి బయటికొస్తే వరండా బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. మేం మాట్లాడుకోకూడదు. ఆమే మొదలుపెట్టింది.

"నేను అన్నానండీ."

"అంటే నాకు వినపడదా అమ్మా? నేనేం చెవిటివాణ్ణా? అక్కడ లోపల ఇప్పుడే చెవులు పరీక్ష చేసి భేషుగ్గా ఉన్నాయని రాశారు."

"రెండుసార్లు అన్నానండీ."

"చూడు. నువ్వు కొత్త. భయపడ్డావు. మనసులో అనుకుని ఉంటావు. మనసులో అనుకున్నవి పైకి అన్నట్టే ఉంటాయి. నీ మీద నాకు కోపం లేదు."

ఆమె మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జలుబు ఇంకా తగ్గినట్టు లేదు.

కోపం లేదనే చెప్పాను. బస్సు మాత్రం నా స్టాపు దాటిపోయాక దిగాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది ఈ పిల్ల వ్యవహారం. అబద్ధం ఆడే మొహం కాదు, అదే నా బాధ.

మార్చి 13, గురువారం

పైలట్ల సంఘం కార్యదర్శి వచ్చాడు. నాతోపాటు చదివినవాడు. నన్ను ఒరేయ్ అనే మనుషుల్లో మిగిలినవాడు వీడొక్కడే.

"ఒరేయ్, నీ పని అయిపోయినట్టే, హాయిగా పడుకో. కాక్‌పిట్ మాటల రికార్డరు తెరిచారు. ఆ అమ్మాయి మైకులో ఏమీ లేదు. మైకు నోటికి దూరంగా ఉందట. కాక్‌పిట్ అంతటికీ ఉండే మైకులోనేమో సరిగ్గా అప్పుడే రేడియోలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాడి వాగుడు. ఆమె అన్నట్టు ఎక్కడా దాఖలా లేదు."

"అయితే ఆమె సంగతి?"

"ఏముంది, ఎత్తు చూడలేదు, మాట చెప్పలేదు. ఉద్యోగం ఖాయం కాని పిల్ల. తీసేస్తారు. ఇంకో కంపెనీ ముట్టుకోదు. నీకేమో రెండు రోజులు మళ్ళీ పాఠాలు చెప్పి సీట్లో కూర్చోబెడతారు."

టీ తాగి వెళ్ళిపోయాడు. నేను అన్నది నిజమని తేలింది. హాయిగానే ఉంది.

మైకు అంత దూరం జరుపుకోమని ఎవరు చెప్పారట ఆమెకి?

మార్చి 14, శుక్రవారం

దుప్పటావిడ కలలోకి వచ్చింది. తలెత్తి ఏదో అంటోంది. పెదాలు కదులుతున్నాయి, నాకు అద్దాల వెనక ఏమీ వినపడటం లేదు. నేను తల ఊపుతున్నాను. బాగా అర్థమైనట్టు.

మార్చి 17, సోమవారం

నిన్నటి సంగతి సిగ్గుచేటు. రాయకుండా వదిలేద్దామనుకున్నాను.

సాయంత్రం నడకకి వెళ్ళి వచ్చేసరికి తలుపుకి తాళం. నా తాళంచెవితో తీసుకుని లోపలికి వెళ్ళాను. మా ఆవిడ లేదు. ఫోన్ చేస్తే పడకగదిలోనే మోగింది, దిండు పక్కన. అల్మారాలో రెండు చీరలు లేవు. చిన్న పెట్టె లేదు. కింద కాపలా మనిషిని అడిగితే అమ్మగారు ఆటో ఎక్కారన్నాడు. ఎటు? తెలీదు.

నేను చేసిన పనులు: పక్క ఫ్లాట్ల తలుపులు కొట్టాను. ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఆమెకీ నాకూ ఈమధ్య ఏమైనా మాటా మాటా వచ్చిందా అని ఆలోచించాను. ఈ వయసులో ఇల్లు విడిచి పోయేంత ఏమన్నానా అని కూడా ఆలోచించాను. ఆఖరికి బావమరిదికి ఫోన్ చేశాను.

"అక్క ఇక్కడే ఉంది బావా, వంటింట్లో. ఏం, ఏమైంది, అంత రొప్పుతున్నావ్?"

"చెప్పకుండా వచ్చేస్తుందా మీ అక్క? ఫోన్ కూడా వదిలేసి!"

వాడు ఫోన్ ఆవిడకిచ్చాడు.

"పొద్దున చెప్పాను కదండీ. తమ్ముడి కూతురికి పురుడొచ్చే రోజులు, మూడు రోజులు తోడుండి వస్తాను అన్నాను. మీరు పేపరు చదువుతున్నారు. ఊఁ అన్నారు. అన్నం గిన్నెలో ఉంది, పెరుగు ఫ్రిజ్‌లో ఉంది అన్నాను. దానికీ ఊఁ అన్నారు."

"నేను అనలేదు."

"మీరు అంటారండీ. మీకు తెలీదు, అంతే. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం మీరు. నాకు అలవాటే. ఇన్నేళ్ళలో మీ ఊఁలన్నీ పోగేస్తే ఒక గది నిండేది."

అవతల బావమరిది పగలబడి నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను. నవ్వి ఫోన్ పెట్టేశాను.

అన్నం గిన్నెలోనే ఉంది. పెరుగు ఫ్రిజ్‌లోనే ఉంది. ఆవిడ చెప్పినట్టే. నాకు మాత్రం ఒక్క ముక్క గుర్తులేదు. వినపడనట్టు కాదు, అసలు ఎవరూ నోరు తెరవనట్టే ఉంది. పేపర్లో చదివింది మాత్రం ఇప్పుడు అడిగినా చెప్తాను.

ఇంట్లో ఎవరూ లేని చప్పుడు అంతా ఇంతా కాదు.

మార్చి 18, మంగళవారం

భార్యాభర్తల మాటలు వేరు. కాక్‌పిట్ వేరు. అక్కడ నేను వింటాను.

మార్చి 20, గురువారం

మైకు జరపమన్నది నేనే.

మార్చి 21, శుక్రవారం

రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు.

దిగడం మొదలుపెట్టినప్పుడు ఆమె ఊపిరి నా చెవిలో గురగురమంటోంది. చిరాకేసింది. "ఆ మైకు పక్కకి పెట్టమ్మా, నా చెవిలో తుమ్ముతున్నట్టుంది" అన్నాను. "సారీ అండీ" అని జరుపుకుంది. ఇందులో తప్పేముంది? పక్కనే కదా కూర్చుంది. మాట్లాడితే మైకు లేకపోయినా వినపడుతుంది.

మా ఆవిడ కూడా పక్కనే కూర్చుని చెప్పింది.

మార్చి 24, సోమవారం

రికార్డరులో ఉన్నదంతా టైపు చేయించి ఒక కాపీ పంపారు. బుధవారం కమిటీ ముందు టేపు వినిపిస్తారు. ఇద్దర్నీ కూర్చోబెట్టి.

టైపు చేసింది ఎక్కడో దూరదేశపు ల్యాబు వాళ్ళు. వాళ్ళకి మన భాష రాదు. మాటల్ని అనువాదం మనిషి రాశాడు, చప్పుళ్ళని వాళ్ళే రాశారు. మీట తిప్పిన చప్పుడు, వాన చప్పుడు, సీటు కిర్రుమన్న చప్పుడు. చాలా శ్రద్ధగల మనుషులు. మైకు సంగతి కూడా ఉంది, నేను అన్నది అన్నట్టుగా.

మూడువేలు దాటి కిందికి పోతున్న చోట, కంట్రోల్ వాడి మాటల మధ్య, నా పేరు కింద ఇలా ఉంది: గొంతులో చప్పుడు, మాట కాదు.

కొంచెం కింద మళ్ళీ అదే. గొంతులో చప్పుడు, మాట కాదు.

ఆ తర్వాత యంత్రం అరుపు.

కార్యదర్శి ఫోన్ చేశాడు. "చదివావా? ఆ గొంతు సంగతి అడిగితే సవరించుకున్నాను అని చెప్పు. వయసు మీద పడ్డాక అందరం సవరించుకుంటాం. ల్యాబు వాడే మాట కాదు అని రాశాడు కదా, నువ్వెందుకు మాట చేస్తావు?"

"అది గొంతు సవరింపు అని నీకెలా తెలుసు?"

"ఒరేయ్. నాకేమీ తెలీదు. నీకూ తెలీదు. అలా ఉండనీ."

మా ఆవిడ ఊరినుంచి వచ్చేసింది. నేను ఆ కాగితం పట్టుకుని కూర్చుంటే ఏమిటండీ అది అంది. ఏమీ లేదు అన్నాను. చూశారా, ఇవాళ ఊఁ అనలేదు అంది. నన్ను నవ్వించడానికే అంది పాపం.

మార్చి 26, బుధవారం

పొడుగాటి బల్ల. అటు ముగ్గురు. మధ్యలో పెద్దాయన. ఎగరడం మానేసి చాలా ఏళ్ళయింది, ఒకప్పుడు నాకు పాఠాలు చెప్పినవాడే. ఇవాళ నన్ను "మీరు" అన్నాడు. నా పక్కన కార్యదర్శి. బల్ల చివర ఆ అమ్మాయి, ఒక్కతే.

టేపు పెట్టారు. వాన హోరు. కంట్రోల్ వాడి గొంతు, ఎవరికో ఏదో చెబుతున్నాడు, ఎంతకీ ఆపడు. ఆ అమ్మాయి కుర్చీలోంచి ముందుకి వంగింది. ఇంకా వంగింది. తల బల్లకి తగిలేలా, చెవి ఆ పెట్టె వైపు పెట్టి. ఆ హోరులో తన గొంతు కోసం వెతుక్కుంటోంది. నేను టేపు మానేసి ఆమెనే చూస్తున్నాను.

అప్పుడు వినపడింది.

ఊఁ.

నా గొంతే. నిండుగా, నిదానంగా, కడుపు నిండా తిని పడుకుని కథ వింటున్నవాడిలాగ. కాసేపటికి మళ్ళీ ఊఁ. ఈసారి కొంచెం సాగదీసి. మా ఆవిడ ఎన్నేళ్ళుగానో వెక్కిరిస్తున్నది ఇదేనన్నమాట. నేను నా ఊఁని వినడం ఇదే మొదలు.

ఆ అమ్మాయి గొంతు ఎక్కడా లేదు. టేపు ఆపాక కూడా ఆమె అలాగే వంగి ఉంది.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ల్యాబు వాళ్ళు దీన్ని మాట కాదు అని రాశారు. వాళ్ళకి మన భాష రాదు. నాకు వచ్చు. కానీ నేను చెబితే అది నా ఊహ. మీ గొంతు కాబట్టి మీరు చెప్పండి. ఏమిటిది?"

కార్యదర్శి నీళ్ళగ్లాసు వైపు చూస్తున్నాడు.

"గొంతు" అన్నాను. నిజం రాస్తున్నాను కాబట్టి ఇదీ రాయాలి. ఆ మాటతోనే మొదలుపెట్టాను. తర్వాతి మాట నాలిక మీదే ఉంది. ఆ అమ్మాయి అప్పుడు తలెత్తి నావైపు చూసింది. కోపంగా కూడా కాదు. ఊరికే, నేనేం చెబుతానో అని.

"గొంతు నాదేనండీ. అది మాటే. ఊఁ అన్నాను."

"దేనికి?"

"తెలీదు."

"ఆమె ఆల్టిట్యూడ్ అన్నందుకా?"

"నాకు వినపడలేదు. ఇప్పుడు టేపులోనూ వినపడలేదు. కానీ ఎవరూ ఏమీ చెప్పకుండా ఎవరూ ఊఁ కొట్టరు కదండీ. నా పక్కన ఉన్నది ఆమె ఒక్కతే. రెండుసార్లు ఊఁ అన్నానంటే ఆమె రెండుసార్లు చెప్పింది."

"మీరు రాసిచ్చింది వేరేలా ఉంది."

"అది తప్పు. తీసెయ్యండి."

పెద్దాయన నేను రాసిచ్చిన కాగితం పక్కకి జరిపాడు. తర్వాత అడిగాడు, "ఇలా వినకుండా ఊఁ అనడం మీకు అలవాటా?"

"ఇంట్లో అలవాటని మా ఆవిడ అంటుంది. కాక్‌పిట్‌లో లేదనుకున్నాను."

కార్యదర్శి బయటికొచ్చాక ఒక్క మాటే అన్నాడు. చేజేతులా కొరివి పెట్టుకున్నావురా అని.

మార్చి 27, గురువారం

చిన్నప్పుడు మా అమ్మమ్మ కథ చెబుతూ మధ్యలో ఆగేది. ఊఁ కొట్టకపోతే ముందుకి చెప్పేది కాదు. ఊఁ కొట్టవేంరా, పడుకున్నావా అనేది. మిగతా పిల్లలు నిద్రపోతే కథ ఆగిపోయేది. నేను నిద్రపోయినా ఆగేది కాదు. నిద్రలోనే ఊఁ కొట్టేవాణ్ణి. పొద్దున్నే కథ అడిగితే ఒక్క ముక్క చెప్పలేకపోయేవాణ్ణి. "వీడు పడుకుని కూడా ఊఁ కొడతాడమ్మా, ఎంత మంచివాడో" అని అందరికీ చెప్పుకునేది. నాకు గర్వంగా ఉండేది.

ఇన్నాళ్ళూ ఎంతమంది కుడి సీట్లకి ఇలా ఊఁ అన్నానో. ఎన్ని విన్నానో, ఎన్నింటికి పడుకునే ఊఁ కొట్టానో. అప్పుడు ఏమీ జరగలేదు కాబట్టి అన్నీ విన్నట్టే లెక్క.

ఇవాళంతా పళ్ళు బిగించుకుని తిరిగాను. మా ఆవిడ ఏం చెప్పినా పూర్తి మాటతో జవాబు చెప్పాను. సాయంత్రానికి ఆవిడ భయపడింది. "ఒంట్లో బాగుందా? ఎప్పట్లా ఊఁ అనండి, నాకేమిటోగా ఉంది" అంది.

ఏప్రిల్ 8, మంగళవారం

కాగితం వచ్చింది. ఎత్తు గమనించి చెప్పడంలో కుడి సీటు లోపం లేదు. ఎడమ సీటు జవాబు నియమం ప్రకారం లేదు. నన్ను ఎడమ సీట్లోంచి దించారు. నేలమీద పాఠాలు చెప్పుకోవచ్చట. ఏ పాఠాలు చెప్పను?

ఏడుస్తాననుకున్నాను. ఏడవలేదు. ఆ అమ్మాయిని తీసెయ్యలేదు. ఆ వాక్యం మళ్ళీ చదివాను.

కానీ ఇప్పటికీ ఆమె గొంతు నాకు గుర్తురాదు. ఎంత వెతికినా వాన హోరు, కంట్రోల్ వాడు, యంత్రం. యంత్రం అరిస్తే విన్నాను. మనిషి చెబితే వినలేదు.

ఏప్రిల్ 12, శనివారం

పొద్దున పదింటికి ఆ అమ్మాయి వచ్చింది. మా ఆవిడ లోపలికి రమ్మని కాఫీ ఇచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది. జలుబు లేదు. గొంతు నేననుకున్నంత చిన్నదేమీ కాదు.

"సోమవారం నుంచి మళ్ళీ ఎక్కుతున్నానండీ."

"చాలా సంతోషం అమ్మా."

"మీకు జరిగింది విన్నాను. నావల్ల..."

"నీవల్ల కాదు. ఆ మాట వదిలెయ్."

కాఫీ తాగలేదు. గ్లాసు చుట్టూ వేళ్ళు పెట్టి కూర్చుంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఒకటి అడగనా అండీ? మీరు నిజం చెప్పాలి. ఆ రోజు నేను అన్నానా?"

నాకు అర్థం కాలేదు. "అదేమిటమ్మా. మొదట్నుంచీ చెప్తున్నది నువ్వే కదా."

"మొదట్లో బాగా గుర్తుందండీ. తర్వాత ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అడిగారు. పైకి అన్నావా, మనసులో అనుకున్నావా, భయంలో అన్నట్టు అనిపించిందా అని. మీరు కూడా అన్నారు, ఆ బెంచీ దగ్గర. చెప్పగా చెప్పగా, చెప్పిందే గుర్తుంటోంది. అన్నది గుర్తుండటం లేదు. పోన్లే, టేపులో ఉంటానులే అనుకున్నాను. టేపులో నేను లేనండీ. మీరొక్కరే ఉన్నారు."

నేను గుమ్మంలో ఉన్న మా ఆవిడ వైపు చూశాను.

"మీరు ఊఁ అన్నారని చెప్పి నన్ను గట్టెక్కించారు. దానికి మీ రుణం తీర్చుకోలేను. కానీ ఊఁ అంటే ఏముందండీ, దేనికైనా అనొచ్చు. సోమవారం మళ్ళీ ఆ సీట్లో కూర్చుంటాను. ఎత్తు తప్పుతుంది. నేను నోరు తెరిచాననుకుంటాను. తెరిచానో లేదో నాకెలా తెలుస్తుంది? అదే తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. మా ఇంట్లో ఫ్యాన్ ఆపమని చెప్పి కూడా, చెప్పానా అని అడుగుతున్నాను. మీరు విన్నారా అండీ? ఒక్కసారైనా విన్నారా? లేకపోతే నామీద జాలితో చెప్పారా?"

ఆ కాక్‌పిట్‌లో ఇంకో రెండు చెవులు నావే. ఆమె వాటిని అడగడానికి వచ్చింది. కమిటీ కాగితం ఆమెకి ఏ పనికీ రాలేదు.

నిజం చెప్పాలంటే వినలేదు అనాలి. నెల కిందట దాన్నే ఆమె అనలేదు అని రాసిచ్చి ఆమెని ఇలా చేశాను.

"విన్నానమ్మా" అన్నాను. "ఆ టేపు విన్న మర్నాడు గుర్తొచ్చింది."

"ఏం విన్నారు?"

చూపు తిప్పుకోకుండా అడిగింది. పరీక్ష పెట్టినట్టు.

"మొదటిసారి ఆల్టిట్యూడ్ అన్నావు. రెండోసారి కొంచెం గట్టిగా అన్నావు. ఆల్టిట్యూడ్ అండీ, అన్నావు."

ఆమె గ్లాసు కింద పెట్టేసింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. కాఫీ బల్ల మీద ఒలికింది, ఎవరూ తుడవలేదు.

"అవునండీ. అండీ అన్నాను. అండీ అన్నాను. నియమంలో లేని మాట కదా అని కాగితంలో రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. అయితే మీరు విన్నారు." ఏడుస్తూనే నవ్వింది. "నేను అన్నాను. నిజంగానే అన్నాను."

"అన్నావమ్మా."

వెళ్ళేటప్పుడు నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాను. లిఫ్టు వచ్చేదాకా నిలబడి, తలుపు మూసుకునేదాకా చెయ్యి ఊపింది.

మా ఆవిడ గుడ్డ తెచ్చి బల్ల తుడిచింది. "పోన్లెండి, గుర్తొచ్చిందన్నమాట."

"లేదు."

"మరి అండీ సంగతి ఎలా చెప్పారు?"

"ప్రతిదానికీ అంటుంది కదా. ఊహించాను."

ఆవిడ తుడవడం ఆపి నావైపు చూసింది. "ఆమె నిజంగా అందో, మీరు అన్నారు కాబట్టి అన్నాననుకుంటోందో."

"తెలీదు."

"ఆ పిల్లకి ఎప్పుడూ చెప్పకండి."

చెప్పను. ఆమె సోమవారం కూర్చుంటుంది. ఎత్తు తప్పితే నోరు తెరుస్తుంది, తెరిచానని తనకి తెలుస్తుంది. నేను చెయ్యగలిగింది అదే.

కానీ ఆమె వెళ్ళినప్పటినుంచీ నాకు వినపడుతోంది. జలుబు చేసిన గొంతు, కుడివైపు నుంచి. మొదటిసారి మామూలుగా. రెండోసారి కొంచెం గట్టిగా, చివర అండీ. ఇది నేను ఇవాళ పొద్దున కల్పించిందే. నాకు తెలుసు. తెలిసినా, విన్నప్పుడల్లా కుడిచెయ్యి లేచి ముందుకి పోతోంది, అక్కడ ఎత్తు సరిచేసే మీట ఉన్నట్టు.